తరగతి ర్యాంకు, ప్రభుత్వ విశ్వవిద్యాలయ ప్రవేశం: టెక్సాస్ శాతం చట్టం

అమెరికాలో హైస్కూలు విద్యార్థి తన బ్యాచ్‌లో ఎన్నో స్థానంలో ఉన్నాడో చెప్పే లెక్కే తరగతి ర్యాంకు. తరగతి అంటే ఇక్కడ ఒక గదిలో కూర్చునే సెక్షన్ కాదు, ఆ ఏడాది ఆ స్కూలు నుంచి పట్టా పుచ్చుకొని బయటపడే వాళ్లందరూ. ఒకప్పుడు ప్రతి కాలేజీ దరఖాస్తులోనూ అడిగిన ఈ లెక్కను ఇప్పుడు సగానికి పైగా అమెరికన్ హైస్కూళ్లు బయటికి ఇవ్వడమే మానేశాయి. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు కూడా దాన్ని మునుపంతగా పట్టించుకోవడం లేదు. అయితే కొన్ని రాష్ట్రాల్లో అది చట్టంలోకి ఎక్కి కూర్చుంది. వాటిలో మొదటిదీ, అన్నిటికన్నా గట్టిదీ టెక్సాస్ చట్టం. రాష్ట్రంలోని ఏ హైస్కూలులోనైనా పై పది శాతంలో నిలిచిన విద్యార్థికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సీటు ఇచ్చి తీరాలని 1997లో అది శాసించింది. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ వరకు ఆ పది శాతం తగ్గుతూ వచ్చి, 2026 ప్రవేశాల నాటికి అయిదు శాతం అయింది.

ర్యాంకు అనగానే తెలుగువారి మనసు ఎంసెట్ మీదికి పోతుంది. ఎంసెట్ ర్యాంకు రాష్ట్రంలో పరీక్ష రాసిన వారందరితో పోల్చి ఇచ్చేది. తరగతి ర్యాంకు ఒక్క స్కూలు గోడల లోపలి సంగతి. పక్క ఊరి స్కూల్లో ఎవరు ఎంత బాగా చదువుతున్నా దానికి సంబంధం లేదు. టెక్సాస్ చట్టానికి ఉన్న బలమంతా ఈ ఇరుకు పోలికలోనే ఉంది, దాని మీద పాతికేళ్లుగా నడుస్తున్న గొడవంతా కూడా అందులోంచి పుట్టిందే.

చట్టం ఎలా పుట్టింది

1990ల మొదట్లో ఆస్టిన్ విశ్వవిద్యాలయపు లా స్కూలు నల్లజాతి, మెక్సికన్ అమెరికన్ అభ్యర్థులను వేరే కొలతతో ఎంపిక చేసేది. సీటు రాని షెరిల్ హాప్‌వుడ్, మరో ముగ్గురు శ్వేతజాతి అభ్యర్థులు 1992లో కోర్టుకెక్కారు. ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని 1996 మార్చిలో ఫిఫ్త్ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వచ్చింది లా స్కూలు మీదే అయినా, రాష్ట్ర అటార్నీ జనరల్ డాన్ మొరాలెస్ దాన్ని ప్రభుత్వ విద్యాసంస్థలన్నిటికీ వర్తింపజేశారు. దాని దెబ్బ మరుసటి ఏడాదే తెలిసింది. 1996లో ఆస్టిన్‌లో మొదటి ఏడాది చేరినవారిలో నల్లజాతి విద్యార్థులు 4.1 శాతం, హిస్పానిక్ విద్యార్థులు 14.5 శాతం. 1997లో ఆ అంకెలు 2.7కీ 12.6కీ పడిపోయాయి.

ఆ విశ్వవిద్యాలయంలోనే పనిచేస్తున్న కొందరు ఆచార్యులు, వారిలో చరిత్రకారుడు డేవిడ్ మాంటెహానో, న్యాయశాస్త్రం చెప్పే జెరాల్డ్ టోరెస్ ఉన్నారు, ప్రవేశాల లెక్కలు తిరగేశారు. రాష్ట్రంలో వందల కొద్దీ హైస్కూళ్లు ఉండగా సుమారు 60 స్కూళ్ల పిల్లలతోనే ఆస్టిన్ తరగతిలో సగం నిండిపోతోందని తేలింది. వాటిలో ఎక్కువ డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాల చుట్టుపక్కల కలిగినవారి పేటల్లోవే. మెక్సికో సరిహద్దున రియో గ్రాండె లోయలోని హిస్పానిక్ స్కూళ్ల నుంచి వచ్చేవారు అంతంతమాత్రం. పత్తి చేలూ చమురు బావులూ ఉన్న పశ్చిమ టెక్సాస్ ఊళ్ల నుంచీ అంతే, ఆ ఊళ్లలో ఎక్కువమంది శ్వేతజాతివారు. జాతి మాట ఎత్తకుండా ప్రతి స్కూలు నుంచీ పైవరుసను తీసుకుంటే ఇద్దరికీ దారి దొరుకుతుందన్నది వారి ఆలోచన.

దాన్ని శాసనసభలో బిల్లుగా పెట్టింది ఇర్మా రాంగెల్. కింగ్స్‌విల్ నుంచి 1976లో ఎన్నికై, టెక్సాస్ ప్రతినిధుల సభలో అడుగుపెట్టిన మొదటి మెక్సికన్ అమెరికన్ మహిళ ఆమె. సెనేట్‌లో బిల్లును నడిపింది ఆస్టిన్‌కు చెందిన గొంజాలో బారియెంటోస్. ఇద్దరూ డెమోక్రాట్లే. కానీ తమ ఊళ్ల పిల్లలకు ఆస్టిన్ మొహం చూసే భాగ్యం లేదని గ్రహించిన గ్రామీణ రిపబ్లికన్లు కొందరు చేయి కలపకపోతే బిల్లు గట్టెక్కేది కాదు. అప్పటి గవర్నర్ జార్జి డబ్ల్యూ. బుష్ 1997 మేలో సంతకం చేశారు. సభలో దాని నంబరు 588 కాబట్టి టెక్సాస్‌లో ఇప్పటికీ కొందరు హెచ్‌బీ 588 అనే పిలుస్తారు. మొదటిసారి అమలైంది 1998 ప్రవేశాల్లో.

సరిహద్దు పేద స్కూళ్లకూ పశ్చిమాన తెల్లవారి పల్లెలకూ ఒకే చట్టంలో చోటు దొరకడం అమెరికా విద్యా రాజకీయాల్లో అరుదు. ఈ చట్టాన్ని ఎత్తేయాలని తర్వాత ఎన్ని ప్రయత్నాలు జరిగినా ఆ పొత్తే దాన్ని నిలబెట్టింది.

ర్యాంకు లెక్క

ర్యాంకు ఎలా కట్టాలో చట్టం చెప్పదు. ఆ పని స్కూల్ డిస్ట్రిక్టులకు వదిలింది. డిస్ట్రిక్టు అంటే మన రెవెన్యూ జిల్లా లాంటిది కాదు. సొంతంగా పన్ను వేసుకొని, బోర్డును ఎన్నుకొని, తన స్కూళ్లను తానే నడుపుకునే స్థానిక సంస్థ. కాబట్టి ఒక డిస్ట్రిక్టు లెక్క పక్క డిస్ట్రిక్టులో చెల్లదు. ఒకచోట నాలుగు పాయింట్ల కొలత, ఇంకోచోట అయిదు, మరోచోట ఆరు. ఒకరు అన్ని సబ్జెక్టులూ కలుపుతారు, ఇంకొకరు గణితం, సైన్సు, ఇంగ్లీషు, సాంఘిక శాస్త్రం, భాషలకే పరిమితం చేస్తారు.

దాదాపు అన్నిచోట్లా ఉన్నది ‘వెయిటెడ్’ సగటు. మామూలు కోర్సులో ‘ఏ’ గ్రేడు వస్తే 4 పాయింట్లు ఇచ్చేచోట, కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ కోర్సులో అదే గ్రేడుకు 5 ఇస్తారు. కష్టమైన కోర్సు తీసుకున్న పిల్ల నష్టపోకూడదన్నది ఉద్దేశం. కానీ పైవరుసలో పోటీ బిగిసేకొద్దీ ఇది తిరగబడుతుంది. పది అడ్వాన్స్‌డ్ కోర్సులు చేసి పదింటిలోనూ ‘ఏ’ తెచ్చుకున్న పిల్లకు సగటు 5.0. అదే పిల్ల సరదా కొద్దీ స్కూలు బ్యాండ్‌లో చేరి, అందులోనూ ‘ఏ’ తెచ్చుకుంటే మొత్తం 54 పాయింట్లు, పదకొండు కోర్సులు, సగటు 4.91. అదనంగా ఒక విద్య నేర్చుకుని, అందులోనూ మొదటి గ్రేడు తెచ్చుకుని, ర్యాంకులో కిందికి జారింది. బ్యాండు, బొమ్మలు, నాటకం వదిలేసి ఒకదాని మీద ఒకటి అడ్వాన్స్‌డ్ కోర్సులు పేర్చుకునే అలవాటు ఇలా వచ్చింది. దీన్ని గమనించిన డిస్ట్రిక్టులు కొన్ని, లెక్కలోకి వచ్చే కోర్సుల సంఖ్యకు పరిమితి పెట్టాయి. కళల కోర్సులను ర్యాంకు నుంచి పూర్తిగా తప్పించినవీ ఉన్నాయి.

లెక్క తొమ్మిదో తరగతి నుంచి మొదలవుతుంది. కొన్నిచోట్ల ఎనిమిదిలో చదివిన ఆల్జీబ్రా కూడా హైస్కూలు క్రెడిట్ కింద జమ అవుతుంది. దరఖాస్తు పెట్టేది పన్నెండో తరగతి మొదట్లో కనుక, చాలామంది విషయంలో విశ్వవిద్యాలయం చూసేది పదకొండో తరగతి ముగిసేసరికి ఉన్న ర్యాంకు. పద్నాలుగు పదిహేనేళ్ల పిల్లాడు తొమ్మిదిలో చేసిన నిర్లక్ష్యం పదిహేడేళ్లకు తేలుతుందన్న మాట. ఆలస్యంగా కళ్లు తెరిచేవాళ్ల మీద ఈ పద్ధతికి జాలి లేదు.

ర్యాంకుతోపాటు ఇంకో షరతూ ఉంది. నాలుగేళ్ల గణితం, అందులో ఆల్జీబ్రా రెండో భాగం సహా, రాష్ట్రం ‘డిస్టింగ్విష్డ్’ అని పిలిచే పై స్థాయి ప్రణాళిక పూర్తి చేయాలి, లేదా శాట్, ఏసీటీ పరీక్షల్లో నిర్ణీత స్కోరు చూపాలి. ఈ నియమం సంగతి తెలియజేసే నోటీసును హైస్కూళ్లు ప్రిన్సిపాల్, కౌన్సెలర్ గదుల్లో అతికించి ఉంచాలని కూడా చట్టంలో ఉంది. ప్రతి హైస్కూలులో మొదటి ర్యాంకు విద్యార్థికి ప్రభుత్వ కాలేజీలో మొదటి ఏడాది ట్యూషన్ ఫీజు మినహాయింపు ఉంది. అది ఈ చట్టం కిందిది కాదు, వేరే నియమం.

పది నుంచి అయిదు దాకా

చట్టం వచ్చిన పదేళ్లకు ఆస్టిన్ ఇరుకున పడింది. 2008 ప్రవేశాల్లో టెక్సాస్ వాసులకు ఇచ్చిన సీట్లలో 81 శాతం ఈ పది శాతం వాళ్లకే పోయాయి. తరగతిని ఎంచుకునే హక్కు మా చేతుల్లోంచి జారిపోతోందని అప్పటి అధ్యక్షుడు విలియం పవర్స్ శాసనసభకు మొరపెట్టుకున్నారు. 2009లో సవరణ వచ్చింది. దాని ప్రకారం ఆస్టిన్ ఒక్కదానికి, టెక్సాస్ వాసుల సీట్లలో 75 శాతం నిండేదాకా మాత్రమే ర్యాంకు హామీ. పైనుంచి మొదటి శాతం, రెండో శాతం అంటూ దిగుతూ వచ్చి, 75 నిండినచోట ఆగుతారు. ఎక్కడ ఆగేదీ ముందే అంచనా వేసి ఏటా సెప్టెంబరు 15 లోగా స్కూళ్లకు చెప్పాలి.

2011లో ఆ గీత ఎనిమిది శాతం దగ్గర పడింది. మధ్యలో ఒక ఏడాది తొమ్మిదికి పెరిగి, తర్వాత కొన్నేళ్లు ఏడు, ఎనిమిది మధ్య ఊగి, 2019లో ఆరుకు దిగింది. 2026లో చేరేవారికి అయిదు శాతమని 2024 సెప్టెంబరులో ప్రకటించారు. సీట్లు పెద్దగా పెరగలేదు, రాష్ట్ర జనాభా మాత్రం పెరిగింది, దరఖాస్తులు అంతకన్నా వేగంగా పెరిగాయి. 2024లో ఆస్టిన్‌కు వచ్చినవి దాదాపు 73,000.

600 మంది ఉన్న బ్యాచ్‌లో దీని అర్థం చూద్దాం. పది శాతం ఉన్న రోజుల్లో 60వ ర్యాంకు దాకా ఆస్టిన్‌లో సీటు ఖాయం. ఆరు శాతమప్పుడు 36, ఇప్పుడు 30. బ్యాచ్‌లో ఇరవై మంది ఉండే పల్లెటూరి స్కూల్లో ఇద్దరికి దక్కే హామీ ఒక్కరికి పరిమితమైంది. ఆ స్కూలు రెండో ర్యాంకు పిల్ల ఇక తక్కిన రాష్ట్రమంతటితో పోటీ పడాలి.

ఆ పోటీ ఎంత ఇరుకో కూడా లెక్క కట్టవచ్చు. ఆస్టిన్ మొదటి ఏడాది సీట్లలో 90 శాతం టెక్సాస్ వాసులవి. అందులో 75 శాతం ర్యాంకు హామీకి పోతే, మొత్తం వందలో 67 లేదా 68. ఇతర రాష్ట్రాలకూ విదేశాలకూ కలిపి పది. మిగిలిన 22, 23 సీట్ల కోసం హామీ గీతకు అవతల పడిన టెక్సాస్ పిల్లలందరూ దరఖాస్తు పెడతారు. డాలస్ శివార్లలో 1,500 పైచిలుకు శాట్ స్కోరు ఉన్న పిల్లలకు ఆస్టిన్ నుంచి ‘లేదు’ అన్న జవాబు ఎందుకు వస్తుందో అర్థం కాక తల పట్టుకునే తల్లిదండ్రులు ముందు చూసుకోవాల్సింది ఈ లెక్క.

గీత దాటని వారిని ‘సమగ్ర పరిశీలన’ పద్ధతిలో ఎంచుతారు. వ్యాసాలు, చేసిన పనులు, కుటుంబ పరిస్థితి అన్నీ చూస్తారు. 1997 చట్టమే ఇందుకు 18 అంశాల జాబితా ఇచ్చింది. ఇంట్లో మొదటిసారి కాలేజీకి వెళ్తున్నారా, చదువుకుంటూ పని చేస్తున్నారా లాంటివి అందులో ఉన్నాయి. అయినా ర్యాంకు ఇక్కడా వదలదు. కింద చెప్పబోయే ఫిషర్ కేసు నాటి పద్ధతిలో ర్యాంకునూ పరీక్ష స్కోరునూ కలిపి విద్యా సూచిక కట్టి, దాన్ని ఒక అక్షం మీదా, వ్యక్తిగత సూచికను ఇంకో అక్షం మీదా పెట్టి గడుల్లో వేసేవారు. ఏడో శాతంలో ఉన్నవాడికి హామీ లేదు కానీ, ఇరవయ్యో శాతంలో ఉన్నవాడికన్నా చాలా మెరుగైన గడిలో ఉంటాడు.

సీటు వేరు, బ్రాంచి వేరు

హామీ విశ్వవిద్యాలయంలో ప్రవేశానికే గానీ కోరిన కోర్సుకు కాదు. దీన్ని పట్టించుకోకుండా మోసపోయేవారు ఎక్కువ. ఆస్టిన్‌లో ఇంజనీరింగ్, కంప్యూటర్ సైన్స్, బిజినెస్ లాంటి గిరాకీ కోర్సులకు ర్యాంకు హామీ ఉన్నవారినీ విడిగా జల్లెడ పడతారు. అక్కడ గణితం గ్రేడ్లు, శాట్ స్కోరు, చేసిన ప్రాజెక్టులు బరువు తూగుతాయి. కోవిడ్ రోజుల్లో పక్కన పెట్టిన శాట్, ఏసీటీ స్కోర్లను 2025 ప్రవేశాల నుంచి మళ్లీ తప్పనిసరి చేస్తూ ఆస్టిన్ 2024 మార్చిలో నిర్ణయించింది. హామీ ఉన్నవారి ప్రవేశం ఆ స్కోరు మీద ఆధారపడదు, ఏ కోర్సులో కూర్చుంటారన్నది ఆధారపడుతుంది. మూడో ర్యాంకు తెచ్చుకుని కంప్యూటర్ సైన్స్ కోరితే, సీటు వచ్చింది కానీ లిబరల్ ఆర్ట్స్‌లో వచ్చిందన్న కథలు టెక్సాస్ తెలుగు ఇళ్లలో కొత్త కాదు.

కాలేజ్ స్టేషన్‌లోని టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయానికి 2009 సవరణ వర్తించదు, అక్కడ ఇప్పటికీ పది శాతమే. దాని ఇంజనీరింగ్ కళాశాల వేరే దారి పట్టింది. అందరినీ ముందు జనరల్ ఇంజనీరింగ్‌లో చేర్చుకుని, మొదటి ఏడాది మార్కులను బట్టి బ్రాంచి ఇస్తుంది. హైస్కూలులో ముగిసిందనుకున్న ర్యాంకు పోటీ కాలేజీ మొదటి ఏడాదిలో మళ్లీ మొదలవుతుంది.

ఆస్టిన్‌లో హామీ అందక, సమగ్ర పరిశీలనలోనూ ఆగిపోయినవారికి పక్కదారి ఒకటి ఉంది. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ వ్యవస్థలోని వేరే క్యాంపస్‌లో మొదటి ఏడాది చదివి, 30 క్రెడిట్లు 3.2 సగటుతో పూర్తిచేస్తే ఆస్టిన్‌కు మారే ఏర్పాటు అది. ఆ దారిలో వచ్చినా కోరిన కోర్సు దొరుకుతుందన్న భరోసా లేదు.

ఫిషర్ కేసు

ర్యాంకు పద్ధతి మీద దేశమంతా దృష్టి పెట్టింది అబిగైల్ ఫిషర్ వేసిన దావాతో. ఆమె చదివింది హ్యూస్టన్ పక్కన షుగర్ ల్యాండ్‌లోని స్టీఫెన్ ఎఫ్. ఆస్టిన్ హైస్కూలు. షుగర్ ల్యాండ్ తెలుగువారికి బాగా పరిచయమైన ఊరే. 674 మందిలో ఆమెది 82వ ర్యాంకు. పది శాతం గీత 67 దగ్గర ఆగింది. 2008లో సీటు రాకపోవడంతో, సమగ్ర పరిశీలనలో జాతిని చూడటం తప్పని ఆమె వాదించింది. 2003లో మిషిగన్ కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన వెసులుబాటుతో ఆస్టిన్ 2005 నుంచి జాతిని మళ్లీ ఒక అంశంగా చేర్చుకుంది.

కేసు రెండుసార్లు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013లో కింది కోర్టుకు తిప్పి పంపారు. 2016లో 4–3 తీర్పుతో విశ్వవిద్యాలయమే గెలిచింది. మెజారిటీ తీర్పు రాసిన న్యాయమూర్తి ఆంథొనీ కెనెడీ, ఒక్క ర్యాంకుతోనే అందరినీ ఎంచితే రోజూ సాధన చేస్తూ మార్కులు కొంత పోగొట్టుకున్న ఆటగాడూ, సంగీతం నేర్చిన పిల్లా బయటే మిగిలిపోతారని ఎత్తిచూపారు. అంతకుముందు 2013లో న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ అన్నది ఇంకా సూటిది: ఈ శాతం చట్టం జాతిని పట్టించుకోనిదని నమ్మడం తెలిసి కళ్లు మూసుకోవడమే, స్కూళ్లు జాతుల వారీగా విడిపోయి ఉన్నాయి కాబట్టే అది పనిచేస్తోంది అని. ఇందులో వాదించడానికి పెద్దగా ఏమీ లేదు. పిల్లలంతా కలిసి చదివే రాష్ట్రమైతే ప్రతి స్కూలు పైవరుసా ఒకేలా ఉండేది, చట్టం ఏ మార్పూ తెచ్చేది కాదు.

2023 జూన్ 29న హార్వర్డ్ కేసులో సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని చూడటాన్ని దేశమంతటా ఆపింది. దాంతో టెక్సాస్ 1996లో నిలబడ్డ చోటికి తక్కిన రాష్ట్రాలూ వచ్చాయి.

స్కూలు మారితే ర్యాంకు మారుతుంది

పోలిక స్కూలు లోపలే అయినప్పుడు, ఏ స్కూల్లో చదవాలన్నదే ఎత్తుగడ అవుతుంది. ఆర్థికవేత్తలు జూలీ కల్లెన్, మార్క్ లాంగ్, రాండల్ రీబాక్ కలిసి 2013లో ప్రచురించిన పరిశోధనలో ఈ సంగతి కొలిచారు. ఎత్తు వేయడానికి కారణమూ వీలూ రెండూ ఉన్న విద్యార్థుల్లో కనీసం 5 శాతం మంది పోటీ తక్కువగా ఉన్న హైస్కూలు ఎంచుకున్నారని వారు తేల్చారు. కలీనా కోర్టెస్, ఆండ్రూ ఫ్రీడ్‌సన్ ఇళ్ల ధరలు చూశారు. చట్టం వచ్చాక, ఫలితాలు బలహీనంగా ఉన్న డిస్ట్రిక్టుల్లో ఇళ్ల విలువలు మిగతావాటితో పోలిస్తే పెరిగాయి.

డాలస్ ఉత్తర శివార్లలో, ఫ్రిస్కో, కొప్పెల్, ప్లేనో, ఆలెన్ ఊళ్లలో ఇల్లు కొనే తెలుగు కుటుంబాలు చేసేది సాధారణంగా దీనికి ఎదురు. మంచి రేటింగ్ ఉన్న స్కూలు కోసం ఎక్కువ ధర పెడతారు. ఆ స్కూలు మంచిదవడానికి సగం కారణం అలా వచ్చి చేరిన కుటుంబాలే. అందరి పిల్లలూ అడ్వాన్స్‌డ్ కోర్సులే తీసుకుని, అందరికీ ‘ఏ’ గ్రేడ్లే వస్తున్నప్పుడు ఆరో శాతానికీ పదిహేనో శాతానికీ మధ్య తేడా దశాంశ స్థానాల్లో మిగులుతుంది. ఫ్రిస్కో ఊరు పెరిగేకొద్దీ స్కూళ్లు కట్టుకుంటూ పోయింది, ఇప్పుడు ఆ డిస్ట్రిక్టులో 12 హైస్కూళ్లు. ఆలెన్‌లో ఊరంతటికీ ఒక్కటే, టెక్సాస్‌లోని అతి పెద్ద హైస్కూళ్లలో ఒకటి. శాతం లెక్కకు స్కూలు పెద్దదైతేనేం, చిన్నదైతేనేం? తేడా తెచ్చేది పక్కన కూర్చున్నవారి చదువు. ఇంత తెలిసీ వీధి మార్చి ఇల్లు కొనే తెలుగువారు తక్కువే. ర్యాంకు కోసం పిల్లను తక్కువ స్థాయి స్కూల్లో వేయడానికి మనసొప్పదు. నా ఉద్దేశంలో ఆ సంకోచం సరైనదే, కాకపోతే దానికో ఖరీదు ఉందని ముందే తెలిసి ఉండటం మంచిది.

ఇండియా నుంచి పదో తరగతిలోనో పదకొండులోనో వచ్చి చేరే పిల్లల సంగతి ఇంకొకటి. అక్కడి మార్కులకు వెయిటేజీ ఇవ్వని డిస్ట్రిక్టులో, మిగతావారు రెండేళ్లుగా కూడబెట్టిన అదనపు పాయింట్లను అందుకోవడం ఎంత బాగా చదివినా కష్టం. చేరే రోజునే కౌన్సెలర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది.

ఎవరికి మేలు జరిగింది

చట్టం తొలి సంవత్సరాల్లో ఆస్టిన్ విశ్వవిద్యాలయం విడుదల చేసిన నివేదికలు పై పది శాతం విద్యార్థులు కాలేజీలోనూ బాగా రాణించారని చూపాయి. తమకన్నా శాట్‌లో 200, 300 పాయింట్లు ఎక్కువ తెచ్చుకుని, పై పది శాతంలో లేని వారితో పోల్చినా వీరి మార్కులే మెరుగు. ఒక్క ఉదయం రాసే పరీక్షకన్నా మూడేళ్లు నిలకడగా చదివిన రికార్డు ఎక్కువ చెబుతుందన్న మాట.

సాండ్రా బ్లాక్, జెఫ్రీ డెనింగ్, జెస్సీ రోత్‌స్టీన్ ఇంకా ముందుకు వెళ్లి ఇద్దరినీ వెంబడించారు: చట్టం వల్ల లోపలికి వచ్చినవారినీ, వారి వల్ల బయటికి నెట్టబడినవారినీ. ఇంతకుముందు ఆస్టిన్‌కు పెద్దగా పిల్లలను పంపని స్కూళ్ల నుంచి వచ్చినవారిలో డిగ్రీ పూర్తిచేసినవారూ, తర్వాతి సంపాదనా పెరిగాయి. కలిగిన స్కూళ్లలో గీతకు కొద్దిగా కింద పడి ఆస్టిన్ తప్పిపోయినవారికి చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. వారు వేరే మంచి కాలేజీలు చూసుకున్నారు.

అయితే జాతి వైవిధ్యం విషయంలో చట్టం ఊహించినంత చేయలేదు. 2004లో ఆస్టిన్ మొదటి ఏడాది తరగతిలో నల్లజాతి విద్యార్థులు 4.5 శాతం, హిస్పానిక్ 16.9 శాతం. హాప్‌వుడ్ తీర్పుకు ముందరి అంకెలను కొంచెం దాటారు, అంతే. ఆలోగా రాష్ట్రంలో హిస్పానిక్ జనాభా ఎంతో పెరిగింది. ప్రిన్స్‌టన్ సామాజిక శాస్త్రవేత్త మార్తా టియెండా, సన్నీ నియు చేసిన అధ్యయనాలు ఒక కారణం చూపాయి. హామీ ఉన్నా పేద స్కూళ్ల పిల్లలు ఆస్టిన్‌కు దరఖాస్తే పెట్టడం లేదు. నాలుగు వందల మైళ్ల అవతలి నగరంలో హాస్టల్ ఖర్చు ఎవరు భరిస్తారు? ఆ స్కూళ్లకు విశ్వవిద్యాలయం 1999లో లాంగ్‌హార్న్ ఆపర్చునిటీ స్కాలర్‌షిప్‌లు మొదలుపెట్టింది, ఏ అండ్ ఎం తన సెంచురీ స్కాలర్స్ పథకం పెట్టింది. 2020లో, ఏడాదికి 65,000 డాలర్ల లోపు ఆదాయమున్న టెక్సాస్ కుటుంబాల పిల్లలకు ఆస్టిన్‌లో ట్యూషన్ మాఫీ మొదలైంది.

ఇతర రాష్ట్రాలు

కాలిఫోర్నియాలో 1996 ప్రజాభిప్రాయ సేకరణ, ప్రపొజిషన్ 209, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో జాతి ఆధారిత ప్రవేశాలను ఆపింది. 2001 నుంచి ప్రతి స్కూలులో పై నాలుగు శాతానికి, 2012 నుంచి తొమ్మిది శాతానికి, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటుకు హామీ ఉంది. ఆ ‘ఎక్కడో’ దగ్గరే తిరకాసు. బర్కిలీ, లాస్ ఏంజెలెస్ హామీలో లేవు. దరఖాస్తు పెట్టిన క్యాంపస్‌లేవీ తీసుకోకపోతే చేతికి వచ్చేది తరచూ మెర్సెడ్. ర్యాంకు లెక్కను స్కూలుకు వదలకుండా విశ్వవిద్యాలయమే కడుతుంది, పదీ పదకొండు తరగతుల మార్కులే చూస్తుంది, కఠిన కోర్సుల అదనపు పాయింట్లకు ఎనిమిది సెమిస్టర్ల పరిమితి పెట్టింది. టెక్సాస్‌లో బ్యాండ్ వదిలేయించే జబ్బు అక్కడ అంతగా లేకపోవడానికి ఇది కారణం.

ఫ్లోరిడాలో గవర్నర్ జెబ్ బుష్ 1999లో ప్రకటించిన ‘టాలెంటెడ్ ట్వెంటీ’ పై ఇరవై శాతానికి రాష్ట్ర వ్యవస్థలో ఏదో ఒక చోట సీటు హామీ ఇచ్చింది. అందులో ఎక్కువమందికి హామీ లేకపోయినా సీటు వచ్చేదేనని విమర్శకులు అన్నారు. హార్వర్డ్ తీర్పు తర్వాత టెనెసీ విశ్వవిద్యాలయం పై పది శాతానికి హామీ ప్రకటించింది. విస్కాన్సిన్ 2024లో చట్టం చేసి, మాడిసన్ క్యాంపస్‌కు అయిదు శాతం, తక్కిన క్యాంపస్‌లకు పది శాతం అని గీత గీసింది.

తెలుగు నేల మీద

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో స్కూలు లోపలి ర్యాంకుకు సీటు ఇచ్చే పద్ధతి లేదు. దగ్గరి బంధువులు మాత్రం ఉన్నాయి. ఐఐటీ ప్రవేశానికి పన్నెండో తరగతిలో 75 శాతం మార్కులు లేదా తమ బోర్డులో పై 20 పర్సంటైల్‌లో స్థానం ఉండాలన్న నియమం అలాంటిదే. అక్కడ పోల్చేది దేశంతో కాదు, తమ బోర్డు పిల్లలతో. ఇంటర్ మార్కులకు ఎంసెట్‌లో 25 శాతం వెయిటేజీ చాలాకాలం నడిచింది. తెలంగాణ దాన్ని 2023లో తీసేసింది.

టెక్సాస్ ఆలోచనకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం, జనం నోట ట్రిపుల్ ఐటీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో దాన్ని ప్రారంభించింది. ప్రవేశ పరీక్ష లేదు, పదో తరగతి ఫలితం చూసి ఆరేళ్ల కోర్సులో చేర్చుకుంటుంది. పల్లెటూరి ప్రభుత్వ బడి పిల్లలు కార్పొరేట్ స్కూళ్ల మార్కులతో పోటీ పడలేరని, హాస్టల్ వసతి లేని ప్రభుత్వ బడుల్లో చదివినవారి జీపీఏకు 0.4 కలిపి వరుస కట్టే పద్ధతి పెట్టారు. టెక్సాస్ ప్రతి స్కూలునూ విడిగా కొలిస్తే, ఇక్కడ అందరినీ ఒకే వరుసలో నిలబెట్టి, వెనక ఉన్నవారిని ఆ 0.4 మేరకు ముందుకు జరిపారు.